గడియారం పట్టుకున్నోడు

నా చేతిల స్పానర్ లేదు, టార్చి లేదు.
ఒక స్టాప్‌వాచ్, ఒక మైకు, గోడకు ఆరు తెరలు.
లోపల రియాక్టర్ ఆగి పదకొండో దినం.
బయట రువైస్ దాటినంక ఉప్పు నేల,
ఆగస్టుల సముద్రానికి గూడ చెమట పడ్తది.

ఈడ వేడి కనబడ్తది.
తారు మీద వణుకుతది, ఇనుప మెట్టు మీద చెయ్యి కాలుస్తది.
దానికి నీడున్నది, మజ్జిగున్నది,
పన్నెండున్నర నుంచి మూడు దాక పని బందు అనే చట్టమున్నది.
లోపలిదానికి రంగు లేదు, వాసన లేదు.
ఛాతి మీది డబ్బి టిక్కుమంటెనే అది ఉన్నట్టు.
టిక్కుకూ టిక్కుకూ నడుమ సందు తగ్గితే
మైకుల అంట: రెండడుగులు ఎనుకకు.

మా సదువంత మూడు ముక్కలు:
జల్ది రా, దూరముండు, అడ్డం పెట్టుకో.
"అప్పిచ్చినోని కాడ గూడ గిదే గద" అన్నడు ఓదెలు,
క్లాసుల ఎనుక బెంచి నుంచి.

ఓదెలుది కోరుట్ల దిక్కు. పైపు ఫిట్టరు.
వాల్వు విప్పాలె, గాస్కెట్ మార్చాలె, మళ్ల బిగించాలె.
బయట షెడ్డుల ఉత్తుత్తి వాల్వు పెట్టిచ్చినం.
ముప్పైనాలుగు సార్లు విప్పిండు.
మొదట పదకొండు నిమిషాలు,
ఆఖరికి కండ్లు మూసుకొని నాలుగు నిమిషాల ఇరవై.
"నా లగ్గం గూడ గింత తయారీ లేకుండనె అయింది."

లోపల సీసం దుప్పట్లు కప్పింది
షైజు, నేపాల్ దిల్‌మాన్.
ఒక్కో దుప్పటి ఐదేండ్ల పిల్లగానంత బరువు.
అందరిని కాపాడే దుప్పటి కప్పెటోనికి
దుప్పటి లేదు.
వాళ్లు తిన్నది గూడ నా కాగితం మీదనే ఉన్నది.

ఆ రాత్రి ఓదెలు డబ్బి చదివిన.
పక్కన నిలబడ్డోనికి పడ్డదాంట్ల మూడో వంతు.
ఇద్దరు ఒక్క వానల నిలబడితే
ఒక్కని అంగే ఎట్ల పొడిగుంటది?

అడిగిన. నేల చూసిండు.
సీసం దుప్పటి ఎనుక దాచిపెట్టి
వాల్వు కాడికి ఉత్త ఛాతితోటి పోయిండు.
"హద్దు నిండితే బయట కూసోబెడ్తరు.
ఓటీ బందు. ఏజెంటుకు ఇంక లక్షా ఇరవై కట్టాలె.
నీకేం పాయె? రాయకు."

వేలు తెగితే నెత్తురొస్తది, చూస్తం, కట్టు కడ్తం.
ఇది ఇరవై ఏండ్లకు వచ్చి తలుపు కొడ్తే
ఎప్పుడు తగిలిందని ఎవన్ని అడుగుతవ్?
నీ తరఫున సాక్ష్యం చెప్పేది
గీ అగ్గిపెట్టెంత డబ్బి ఒక్కటే.
దానికి అబద్ధం నేర్పకు ఓదెలూ.

అన్నీ అన్న. తర్వాత రాసిన.
వాన్ని పనిముట్లిచ్చే కిటికీ కాడ కూసోబెట్టిన్రు.
నాకు హెల్మెట్ మీద అతికేటందుకు
ఆకుపచ్చ స్టిక్కర్ ఇచ్చిన్రు.
వానికి పోయిన దిర్హమ్‌లు లెక్కగట్టిన, మూడువేలకు పైన.
స్టిక్కర్ ఇంక జేబులనే ఉన్నది,
ఉతుకుడుకు జిగురు పోయి.

మెస్సుల నాకు వీపు పెట్టి తింటడు.
పప్పు గిన్నె నా దాక రానియ్యడు,
ముందే దిల్‌మాన్‌కు అందిస్తడు.
తిననియ్యి.

ఇయ్యాల లోపలికి షైజు పోయిండు.
రెండో వాల్వు. నట్టు ఒకటి మొండికేసింది.
మూడు నిమిషాల ఏబై.
తెర మీద తెల్ల సూటు వంగి ఉన్నది,
ఇంకొక్క తిప్పు, ఇంకొక్క తిప్పు అన్నట్టు భుజం కదుల్తున్నది.
నాలుగు నిమిషాల ఐదు.
నేను గూడ ఆ నట్టు దిక్కే చూస్తున్న,
అచ్చేటట్టే ఉన్నది, అచ్చేటట్టే ఉన్నది.

ఎనుక కిటికీ కాడ ఎవరో
మెల్లగ, తెలుగుల, లెక్క పెడ్తున్నరు.
పదహారు. పదిహేడు. పద్దెనిమిది.

నా నోరు తెరుసుకోకముందే
కిటికీల నుంచి కేక:
"నట్టు మన్నువడ,
వాన్ని బయటికి రమ్మను!"